పర్లాకిమిడి నుంచి కృతజ్ఞతలు: మా ఇంటి వైఫై బాగుచేసిన తమ్ముడికి

పేరు రాయొద్దని గట్టిగా చెప్పారు కాబట్టి రాయడం లేదు. పాతపట్నం నుంచి బండి మీద ఒడిశాలో ఉన్న మా పర్లాకిమిడి వచ్చి కంప్యూటర్లు, ప్రింటర్లు బాగుచేసే తమ్ముడికి ఈ కృతజ్ఞతలు. ఇంతమాత్రం చెప్తే మా వీధిలో సగంమంది ఆయనెవరో పోల్చేస్తారు, దానికి నేనేం చెయ్యను!

నేను ఇంటి నుంచే విశాఖలోని ఒక ఆఫీసుకి పనిచేస్తాను. ఇంట్లో 100 ఎంబీపీఎస్ ప్లాన్ ఉంది. అయినా మీటింగులో నోరు తెరిస్తే అవతలివాళ్ళకి సగం మాటలే చేరేవి. నెట్ కంపెనీకి ఫోన్ చేస్తే ఒడియాకి ఒకటి, హిందీకి రెండు, ఇంగ్లీషుకి మూడు. తెలుగుకి నొక్కే అంకే లేదు. ఏది నొక్కినా జవాబు మాత్రం ఒకటే: లైన్ బాగుంది, రౌటర్ ఆపి మళ్ళీ వెయ్యండి. షాపుల్లో అడిగితే కొత్త రౌటర్ కొనమన్నారు, లేదంటే సిగ్నల్‌ని అందుకుని ఇంకాస్త దూరం పంపే రిపీటర్ పెట్టమన్నారు.

ఈ తమ్ముడు ఏమీ కొనమనలేదు. ముందు బ్యాగులోంచి ల్యాన్ వైరు తీసి ల్యాప్‌టాప్‌ని నేరుగా రౌటర్‌కి కలిపి స్పీడ్ చూశారు. 94 వచ్చింది. రౌటర్‌కి వైరు తగిలించే 100 ఎంబీపీఎస్ పోర్టు మీద నికరంగా చేతికొచ్చేది అంతేనట. "అన్నయ్యా, లైన్ శుభ్రంగా ఉంది" అని వైరు పీకేసి, రౌటర్ పక్కనే కూర్చుని వైఫై మీద చూశారు. 20 దగ్గర ఆగిపోయింది. పక్కన కూర్చున్నా రాకపోతే గోడల్ని తిట్టి లాభం లేదు కదా! నాకు బాగా నచ్చింది ఈ పద్ధతే. ఒకసారికి ఒక్కటే మార్చి చూడడం, అనుమానాల్ని ఒక్కొక్కటిగా తీసెయ్యడం.

తర్వాత ల్యాప్‌టాప్‌లో వైఫై వివరాలు తెరిస్తే లింక్ స్పీడ్, అంటే ల్యాప్‌టాప్‌కీ రౌటర్‌కీ మధ్య కుదిరిన వేగం, 54 అని ఉంది. వైఫైకి 2.4, 5 గిగాహెర్ట్జ్ అని రెండు రేడియో బ్యాండ్లుంటాయి. 5కి మార్చినా అదే 54. ఆయనకి దొంగ దొరికింది అక్కడే. రౌటర్ సెక్యూరిటీ, అంటే వైఫైకి వేసే తాళం, పాత డబ్ల్యూపీఏ, టీకేఐపీ పద్ధతిలో ఉండిపోయింది. 2009 నాటి 802.11ఎన్ అనే వైఫై ప్రమాణం నుంచి టీకేఐపీ మీద ఎక్కువ స్పీడ్‌లు ఇవ్వరు. రౌటర్ ఎంత కొత్తదైనా పాతకాలపు 54కి దిగిపోతుంది, అందులో మన చేతికొచ్చేది సగం కూడా ఉండదు. దాన్ని డబ్ల్యూపీఏ2, ఏఈఎస్ అనే కొత్త తాళానికి మార్చి అదేచోట మళ్ళీ చూస్తే 90 దాటింది. మార్చడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

మిగిలింది వెనక గది. మా వీధి ఇళ్ళు తెలుసుగా, ఒకదాన్నొకటి ఆనుకుని, వీధి గది నుంచి పెరడు దాకా ఒకే వరసలో పొడుగ్గా పోతాయి. మధ్యలో పాతకాలపు లావు గోడలు. రౌటరేమో వీధి గదిలో ఇనప బీరువా వెనకాల ఉంది. దాన్ని మధ్య గదిలోకి, గూటి పైకి తెచ్చాం. 5 గిగాహెర్ట్జ్‌కి వేగం ఎక్కువ, గోడలు దాటే ఓపిక తక్కువ. అందుకని రెండు బ్యాండ్లకీ వేరే పేర్లు పెట్టి, వెనక గదికి 2.4 వాడమన్నారు. ఆ 2.4లో ఛానెళ్ళనే చిన్న దారులుంటాయి, వాటిలో 1, 6, 11 మాత్రమే ఒకదాని మీద ఒకటి పడవు. మాది ఆటోలో ఉండి నాలుగో ఛానెల్ పట్టుకుంది, పక్కింటి మాస్టారుది మూడు. మాది 11కి మార్చాం. తమ్ముడు వెళ్ళి అడగ్గానే మాస్టారు తమది 1కి మార్చుకోనిచ్చారు. వారికీ నా నమస్కారాలు. ఇప్పుడు వెనక గదిలో 40 దాకా వస్తోంది, మీటింగులకి అది చాలు.

ఒక్క నష్టం జరిగింది. చాలా పాత ప్రింటరు ఒకటి కొత్త సెక్యూరిటీతో కలవనంది. బహుశా దాని కోసమే రౌటర్ బిగించినవాళ్ళు ఆ పాత సెట్టింగ్ పెట్టి ఉంటారని ఆయన అనుమానం. దానికి వైరు తగిలించేశారు.

డబ్బులిస్తే తీసుకోలేదు. పెరట్లో పనసకాయ కోసిస్తే మాత్రం కాదనకుండా బండికి కట్టుకున్నారు. తమ్ముడూ, ఇంకో రెండు కాయలు ముదురుతున్నాయి, ఈసారి ఇటు వచ్చినప్పుడు సంచీ తెచ్చుకో.