వార్షిక నివేదిక 2024-25: కపిల్ పర్మార్ పతకం, మన పిల్లల మ్యాట్లు

సభ్యులందరికీ నమస్కారం.

ఈసారి లెక్కలతో మొదలుపెట్టడం లేదు, ఆడిట్ కాగితాలు సర్వసభ్య సమావేశంలో ఇస్తాం, తీరిగ్గా చూసుకోండి. ముందు జూడో ఆటగాడు కపిల్ పర్మార్ గురించి చెప్పాలి, ఎందుకంటే ఈ ఏడాది మనం చేసిన పెద్ద పని ఆయన్ని చూసే మొదలైంది.

2024 సెప్టెంబర్ 5న పారిస్ పారాలింపిక్స్ జూడోలో, 60 కిలోల జె1 విభాగంలో, అంటే చూపు అసలు లేనివాళ్లూ దాదాపు లేనివాళ్లూ ఆడే విభాగంలో, ఆయన కాంస్యం గెలిచారు. సెమీఫైనల్లో ఇరాన్ ఆటగాడి చేతిలో ఓడిపోయి, అదే రోజు మళ్లీ మ్యాట్ ఎక్కి బ్రెజిల్‌కు చెందిన ఎలియెల్టన్ డి ఒలివేరాను 10-0తో ఓడించారు. ఒలింపిక్స్, పారాలింపిక్స్ రెండూ కలిపి చూసినా జూడోలో మన దేశానికి అదే మొదటి పతకం.

మధ్యప్రదేశ్‌లో సీహోర్ దగ్గర ఒక పల్లె ఆయనది. చిన్నప్పుడు పొలంలో నీళ్ల పంపు ముట్టుకుని కరెంటు షాక్‌తో కోమాలోకి వెళ్లారు, తర్వాత చూపు తగ్గుతూ వచ్చింది. తండ్రి ట్యాక్సీ డ్రైవర్, ఈయన సోదరుడితో కలిసి టీ కొట్టు నడిపారు. పారిస్‌కు ముందు ఏడాదే హాంగ్‌జౌ ఆసియా పారా క్రీడల్లో రజతం తెచ్చారు, అప్పుడు మనలో ఎంతమందికి ఆయన పేరు తెలుసు?

అక్టోబర్‌లో చూపు లేని మన పిల్లల కోసం జూడో క్లాసు మొదలైంది. మామూలు జూడోలో పట్టు దొరికించుకోవడానికే సగం పోరాటం. చూపు లేనివాళ్ల జూడోలో మాత్రం ఒకరి జాకెట్ కాలరూ చేతి గుడ్డా ఒకరు పట్టుకున్నాకే రిఫరీ 'హజిమే', అంటే 'మొదలుపెట్టండి' అంటారు. ఆ తర్వాత అంతా చేతులకే తెలియాలి. మన ఎనిమిదో తరగతి పాప మొదటి రోజు ఎదుటి అమ్మాయి జాకెట్ పట్టుకుని, "అక్కా, తను కాలు ఎత్తబోతుంటే నా వేళ్లకు తెలిసిపోతోంది" అంది. వాళ్లమ్మ గోడ పక్కన కూర్చుని కళ్లు తుడుచుకున్నారు.

ఇస్తామన్న హాలు మాత్రం, పిల్లలు పడితే బాధ్యత ఎవరిదంటూ చివరి నిమిషంలో కాదన్నారు. చాలా బాధేసింది. నెలన్నర మన ఆఫీసు గదిలోనే బల్లలు బయటపెట్టి నేర్పించాం.

2025 జనవరి 17న రాష్ట్రపతి భవన్‌లో అర్జున అవార్డులు ఇస్తుంటే, మన వరంగల్ జిల్లా దీప్తి జీవంజి, విశాఖ జ్యోతి యర్రాజి ఉన్నారని అందరం టీవీ ముందు కూర్చున్నాం. అదే వేదిక మీద కపిల్ కూడా అవార్డు అందుకున్నారు. పిల్లలు చప్పట్లు ఆపలేదు.

ఆ వారమే కార్యవర్గంలో గట్టి చర్చ జరిగింది. ఏటా సన్మాన సభకు దాచే డబ్బుతో ఈసారి మ్యాట్లు కొన్నాం. పెద్దలు కొందరు నొచ్చుకున్నారు, వారి మాట మాకు గౌరవమే. కానీ పతకం వచ్చాక శాలువా కప్పడానికి బోలెడుమంది వస్తారు, పతకానికి ముందు కింద పరుపు వేసేవాళ్లే కరువు.

ఇంకా సగం గదికే మ్యాట్లు ఉన్నాయి, జాకెట్లు ఇద్దరికి ఒకటి. ఆదివారం పొద్దున బస్టాప్ నుంచి పిల్లలకు మోచేయి అందించి తీసుకురావడానికి ఇద్దరు మనుషులు కావాలి. వీలున్నవాళ్లు కార్యదర్శికి ఫోన్ చేయండి.