మన సంఘం 2024–25 వార్షిక నివేదిక (సర్వసభ్య సమావేశం, హైదరాబాద్)

గౌరవ సభ్యులకు నమస్కారం. సంఘం ఆశయాలు మీకు తెలిసినవే కనుక నేరుగా ఈ ఏడాది పనిలోకి వస్తాను.

పక్షవాతం తర్వాత మింగడం కష్టమైనవారి ఇళ్లకు వెళ్లినప్పుడు మా బృందం మొదట నోరు తెరిపించి చూసింది. చచ్చుబడిన వైపు బుగ్గకూ చిగురుకూ మధ్య పొద్దున తిన్న మెతుకులు మధ్యాహ్నానికీ అలాగే ఉన్నాయి. ఆ వైపు స్పర్శ తగ్గడంతో అవి ఉన్నట్టు రోగికే తెలియదు. అక్కడ పెరిగిన క్రిములు లాలాజలంతో ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా వస్తుంది. కొందరికి లోపలికి జారినా దగ్గైనా రాదు.

"ముక్కుగొట్టంతోనే కదా తిండి, నోరు కడగడం ఎందుకు?" అన్న మాట ఈ ఏడాదీ చాలా చోట్ల విన్నాం. నమలడం ఆగిపోతే నోటిలో పాచి త్వరగా పేరుకుంటుంది. ఉమ్మి మాత్రం గొంతులోకి దిగుతూనే ఉంటుంది. కనుక గొట్టం ఉన్నవారికి నోటి శుభ్రత మరింత అవసరం. జపాన్ వృద్ధాశ్రమాల్లో రెండేళ్లు సాగిన అధ్యయనం 1999లో వెలువడింది. భోజనం తర్వాత పళ్లు తోమించినవారిలో న్యుమోనియా తగ్గిందని అందులో తేలింది. ఫీజు తీసుకోకుండా ఇళ్లకు వచ్చి, కట్టుడు పళ్లు రాత్రి తీసి కడగాలని ఓపికగా నేర్పిన దంత వైద్యులకు సంఘం ఎంతో రుణపడి ఉంది.

ఈ ఏడాది మనందరం గర్వించదగినది అక్టోబరు 29న, ప్రపంచ పక్షవాత దినం నాడు జరిపిన వంటల శిబిరం. ధన త్రయోదశి అదే రోజు పడినా చిక్కడపల్లిలో హాలు నిండింది. రాగి జావ, మజ్జిగ, పప్పుకట్టు వరుసగా పెట్టి, పలుచని ద్రవం త్వరగా ఊపిరితిత్తుల వైపు జారుతుంది కనుక చిక్కదనం కొలవడానికి ఒక్కొక్కటీ 10 మి.లీ. సిరంజిలో పోసి 10 సెకన్లు కారనిచ్చాం. 4 నుంచి 8 మి.లీ. మిగిలితే కాస్త చిక్కన, 8 దాటి మిగిలితే మరింత చిక్కన. ఎవరికి ఏ చిక్కదనం సరిపోతుందో స్పీచ్ థెరపిస్ట్ (మాటతో పాటు మింగడంలో ఇబ్బందులనూ చూసే నిపుణులు) పరీక్షించి చెప్పాలి. వేడిగా పలుచగా ఉన్న జావ చల్లారేసరికి గడ్డకట్టడం అందరూ కళ్లారా చూశారు. ఎంగిలి చెంచా మళ్లీ గిన్నెలో పెడితే లాలాజలానికి జావ పలుచబడిపోతుందన్నది చాలామందికి కొత్త సంగతి. చారన్నం ఎందుకు వద్దో కూడా అక్కడే తేలింది: మెతుకు నమిలేలోపే చారు గొంతులోకి జారిపోతుంది.

పొలమారితే ఎవరో తలచుకుంటున్నారని మాడు మీద తట్టి నీళ్లు పట్టించడం మన ఇళ్లలో అలవాటు. మింగడం దెబ్బతిన్న చాలామందికి ఆ పలుచని నీళ్లే ప్రమాదం. అలాగని భయపడి రోజంతా ఉత్త జావతోనే సరిపెడితే ఒంట్లో కండ కరిగిపోతుంది. నాలుకా కండరమే. అది సన్నబడితే మింగడం ఇంకా కష్టమవుతుంది, థెరపీకి సత్తువ మిగలదు. అందుకే మెత్తని పప్పు, పెరుగు, బాగా మెదిపిన గుడ్డు కలపడం వండి చూపించాం. తెల్లవారుజామునే వచ్చి పొయ్యి వెలిగించిన మహిళా సభ్యులకు, మిక్సీలు మోసుకొచ్చిన యువకులకు, హాలు అద్దె తగ్గించిన యజమానికి పేరుపేరునా కృతజ్ఞతలు.

జమాఖర్చుల పట్టికను ఆడిటర్ సంతకంతో జతపరిచాం. ఖర్చులో ఎక్కువ భాగం టూత్‌బ్రష్‌లు, సిరంజిలు, ఆటో చార్జీలది. ఆమోదించవలసిందిగా కోరుతున్నాను.

ఒక విషయం బాధతోనే రాస్తున్నాను. ఇళ్లకు వెళ్తామని పేర్లు రాయించుకున్నవారిలో సగానికి పైగా మళ్లీ కనిపించలేదు. ఉప్పల్, మలక్‌పేట వైపు మంచాన ఉన్నవారు మన మాట నమ్మి ఎదురుచూశారు. బస్తీ దవాఖానాలకు నెలకొక్కసారైనా స్పీచ్ థెరపిస్ట్‌ను పంపాలని ఇచ్చిన వినతిపత్రం ఏడాదిగా ఒక కార్యాలయంలో బల్ల మారుతోంది. వెళ్లినప్పుడల్లా సంబంధిత అధికారి సెలవులో ఉన్నారనే జవాబు. మళ్లీ వెళ్తాం, ఈసారి కుటుంబాలను వెంటబెట్టుకుని వెళ్తాం.

వచ్చే ఏడాది ఇళ్ల సందర్శనకు నిజంగా రాగలవారు మాత్రమే ఈ సభ ముగిసేలోపు కోశాధికారి దగ్గర పేరు, వీలైన వారం రాయించగలరు.

కార్యదర్శి