గోడ మీద గీత, పిల్లలు తెచ్చిన నీళ్ల మాటలు: ఈ వారం మన బడి కబుర్లు

అజిత్ సింగ్ నగర్, విజయవాడ
30 ఆగస్టు 2025, శనివారం

అమ్మలకు, నాన్నలకు, రోజూ పిల్లల్ని బడి దాకా దింపి వెళ్లే అమ్మమ్మలకు, నానమ్మలకు, తాతయ్యలకు నమస్కారం.

సోమవారం మధ్యాహ్నం భోజనాలు అయ్యాక ఆకాశం మూసుకొచ్చి వాన దంచికొట్టింది. పిల్లలందరినీ వరండాలోంచి గదుల్లోకి పంపి నేను నా కుర్చీలో కూర్చున్నానో లేదో, రెండో తరగతి పాప ఒకతి గుమ్మం దగ్గరకు వచ్చి నిలబడింది. "మేడమ్, బుడమేరు మళ్లీ వస్తుందా?" అని అడిగింది.

పోయిన ఏడాది సెప్టెంబర్ 1, ఆదివారం బుడమేరు ఏరు పొంగి వరద నీళ్లు ఇంట్లోకి వచ్చేనాటికి ఆ పాపకు ఆరేళ్లు. పక్కింటివాళ్ల మేడ మీద గడిపిన రోజులు, ఆకాశంలోంచి డ్రోన్ దింపిన అన్నం పొట్లం, ఫ్లైఓవర్ దాకా పడవలో వెళ్లడం, అన్నీ తనకు గుర్తున్నాయి. నేను తనను పక్కన కూర్చోబెట్టుకుని, "వాన పడ్డ ప్రతిసారీ రాదమ్మా. ఎప్పుడైనా వచ్చేటట్టుంటే ముందే మేడ ఎక్కేద్దాం, మీ అమ్మకు నేనే ఫోన్ చేస్తాను" అని చెప్పాను. తల ఊపింది. కానీ వాన తగ్గేదాకా నా దగ్గరే ఉంది. ఇంట్లో ఎవరినైనా అడిగావా అంటే, "అమ్మ ఆ మాట ఎత్తొద్దంది" అని చెప్పింది.

ఆ తల్లి బాధ నాకు అర్థమవుతుంది. బీరువా, మంచం, కుట్టు మిషను, పిల్లల పుస్తకాలు, అన్నీ ఒక్క రాత్రిలో బురదలో కలిసిపోయిన ఇల్లు అది. ఆ మాట ఎత్తితే మళ్లీ ఏడుపు వస్తుందని భయం. కానీ పిల్లలు ఎత్తకుండా ఉండలేరు. మన దగ్గర ఎత్తకపోతే ఒంటరిగా లోపలే తిప్పుకుంటూ ఉంటారు. అందుకే ఈ వారం మన బడిలో ఏం చేశామో మీకు కాస్త వివరంగా రాస్తున్నాను.

శుక్రవారం, ఆగస్టు 29, తెలుగు భాషా దినోత్సవం. గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారు 1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన రోజు. పర్లాకిమిడిలో మాస్టారుగా పనిచేస్తూ, కొండల్లో ఉండే సవరల భాష నేర్చుకుని, వాళ్ల పిల్లలకు వాళ్ల మాటల్లోనే చదువు చెప్పాలని పాటుపడ్డారాయన. మనుషులు మాట్లాడుకునే తెలుగే పుస్తకాల్లోనూ ఉండాలని జీవితమంతా పోరాడారు. ఇవాళ ఈ ఉత్తరం మీరు ఏ కష్టమూ లేకుండా చదవగలుగుతున్నారంటే అందులో ఆయన చలవ ఉంది.

ప్రతి ఏడాదీ ఆ రోజు పద్యాలు చెప్పించేవాళ్లం. ఈసారి మా మూడో తరగతి టీచర్ గారు ఒక మాటన్నారు: "పిల్లలకు వచ్చిన పద్యాలు మనం విన్నాం కదా మేడమ్, వాళ్ల ఇళ్లల్లో ఉన్న మాటలు తెమ్మందాం." సోమవారం పాప అడిగిన ప్రశ్న నా మనసులో ఉంది కాబట్టి, "అయితే నీళ్ల మాటలు తెమ్మందాం" అన్నాను. ఇంట్లో పెద్దవాళ్లను అడిగి, నీటికి సంబంధించి వాళ్లు చిన్నప్పుడు వాడిన మాటలు రాసుకు రావాలి. రాయడం రాని పిల్లలు గుర్తుపెట్టుకుని చెప్పాలి.

ఇన్ని వస్తాయని నేను అనుకోలేదు. రేవు, చెలమ, తూము, లాకులు, కరకట్ట, బోదె, మురుగు కోడు, ఊట, వెల్లువ. కైకలూరు వైపు నుంచి వచ్చిన ఒక నానమ్మ గారు మనవడికి ఏకంగా పద్నాలుగు మాటలు చెప్పి పంపారు. వాటిలో 'బుంగ' ఒకటి. మాకు బుంగ అంటే నీళ్ల కుండ. ఆవిడ చెప్పిన బుంగ వేరు: చెరువు కట్టకు ఎలుక కలుగంత చిల్లి పడి నీరు కారడం. ముందు బుంగ పడుతుంది, దాన్ని పట్టించుకోకపోతే గండి పడుతుంది అని ఆవిడ మనవడికి వివరంగా చెప్పారట. పిల్లాడు బోర్డు మీద కట్ట బొమ్మ గీసి, సుద్దముక్కతో చిన్న చిల్లి పెట్టి, తర్వాత డస్టర్‌తో ఆ భాగమంతా చెరిపేసి చూపించాడు. ఐదో తరగతి పిల్లలు కూడా నోరు మెదపకుండా చూశారు.

ఇంకొకటి 'ఎగదన్నడం'. తాపీ పని చేసే ఒక నాన్న గారు చెప్పిన మాట. మొన్నటి వరదను పిల్లలకు అర్థమయ్యేలా చెప్పడానికి నాకు ఆ ఒక్క మాట ఎంత ఉపయోగపడిందో చెప్పలేను. బుడమేరు మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేటిలో కలిసే ఏరు. వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ ఉంది. అక్కడి నుంచి కొంత నీటిని డైవర్షన్ కాలువ ద్వారా కృష్ణలోకి మళ్లిస్తారు. పోయిన ఏడాది అవే రోజుల్లో కృష్ణ కూడా నిండుగా ఉంది. పెద్ద నది నిండుగా ఉంటే చిన్న కాలువ నీళ్లను లోపలికి రానివ్వదు, వెనక్కి తోస్తుంది. దాన్నే ఎగదన్నడం అంటారు. పైనుంచి వచ్చే నీరు ఆగలేదు, కింద దారి లేదు, కాలువ గట్టుకు గండ్లు పడ్డాయి, నీళ్లు మన వీధుల్లోకి వచ్చాయి. ఇలా చెప్పేసరికి ఒక బాబు, "అయితే బుడమేరుకు మన మీద కోపం లేదన్నమాట" అన్నాడు. ఏడాదిగా వాడు అలా అనుకుంటున్నాడని మాకెవరికీ తెలియదు.

ఉర్దూ మాట్లాడే ఇంటి నుంచి వచ్చిన పాప 'సైలాబ్' అనే మాట తెచ్చింది. వరద అనే అర్థం. తెలుగు మాట కాదు కదా, రాయొచ్చా అని భయపడుతూ అడిగింది. పిల్లలు తెచ్చిన మాటలన్నీ రాసిన చార్టు మీద మొదటి వరుసలోనే రాయించాం. ఇంట్లో మాట్లాడే మాటకు బడిలో చోటు ఉండాలన్నదే గిడుగు వారు చెప్పింది.

ఇక్కడ మీకొక విన్నపం. మన పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషులో, ఎదురు పేజీ తెలుగులో ఉంటుంది. చాలామంది అమ్మానాన్నలు ఇంగ్లీషు పేజీ మాకు రాదని, పిల్లల చదువులో మేమేం చేయగలమని అంటుంటారు. తెలుగు పేజీ మీద వేలు పెట్టి చదివించండి. చదవడం రాని పెద్దవాళ్లయితే పిల్లల్ని చదివి వినిపించమని అడగండి. అదీ కుదరకపోతే అన్నం తినేటప్పుడు పది నిమిషాలు ఫోన్ పక్కన పెట్టి మీ ఊరి సంగతులు, మీ చిన్నప్పటి సంగతులు చెప్పండి. ఈ వారం మాటలు ఎక్కువ తెచ్చిన పిల్లలందరూ అలా కబుర్లు చెప్పుకునే ఇళ్ల పిల్లలే. ముప్పై ఏళ్ల నా అనుభవంలో కూడా, చదవడం త్వరగా పట్టుకునేది వాళ్లే.

ఐదో తరగతి లెక్కల పీరియడ్ కూడా నీళ్ల మీదే నడిచింది. పోయిన సెప్టెంబర్‌లో ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, అంటే సుమారు 28.3 లీటర్లు. పిల్లలు గుణించారు. సెకనుకు 3 కోట్ల 23 లక్షల లీటర్లు పైనే వచ్చింది. ఆ అంకె వాళ్ల తలకెక్కలేదు. "మన డాబా మీద ట్యాంకు వెయ్యి లీటర్లు కదా, దాంతో భాగిద్దాం" అన్నాడొకడు. ఒక్క సెకనులో 32 వేల ట్యాంకులు! గదంతా గోల. ఒక పిల్ల ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతూ ఒక్కో అంకెకు 32 వేల ట్యాంకులు పోతున్నట్టు ఊహించుకుని కళ్లు మూసుకుంది.

గోడ మీద గీత సంగతి కూడా చెప్పాలి. వరద తీశాక బడికి సున్నం వేయించినప్పుడు, కుళాయి పక్కన జానెడు వెడల్పు గోడ మాత్రం వదిలేయమన్నాను. అక్కడ నీటి మట్టం గీత ఉంది. వరండా నేల నుంచి నాలుగు అడుగుల రెండు అంగుళాలు. ఎందుకు ఉంచారని కొందరు అడిగారు. పిల్లలే కారణం. బడి తెరిచిన మొదటి వారంలోనే వాళ్లు ఆ గీత దగ్గర నిలబడి ఎత్తు చూసుకోవడం మొదలుపెట్టారు. గురువారం నాలుగో తరగతి వాళ్లు టేపు పెట్టి కొలిచి, 127 సెంటీమీటర్లు అని నోట్సులో రాసుకున్నారు. తర్వాత ఒక్కొక్కరూ నిలబడ్డారు. పోయిన ఏడాది ఆ క్లాసులో గీత దాటినవాళ్లు ఇద్దరే. ఇప్పుడు పదకొండు మంది. ఒక అమ్మాయి పరుగెత్తుకుంటూ వచ్చి, "మేడమ్, నా తల పైకొచ్చింది!" అంది. నాకు కళ్లు చెమర్చాయి.

సోమవారానికి వరద వచ్చి ఏడాది. ఉదయం ప్రార్థన అయ్యాక చెట్టు కింద అందరం కూర్చుంటాం. చెప్పాలనుకున్న పిల్లలు తమకు గుర్తున్నది చెబుతారు, బొమ్మ వేయాలనుకున్నవాళ్లు వేస్తారు. ఎవరినీ బలవంతం చేయం. మీలో వీలైనవాళ్లు రండి. పనికి వెళ్లాల్సినవాళ్లు పావుగంట ఉండి వెళ్లినా చాలు. ఆ రోజుల్లో పక్కవాళ్లకు అన్నం పెట్టినవాళ్లు, పడవల్లో ముసలివాళ్లను దింపినవాళ్లు మనలోనే ఉన్నారు. అది మీ నోటితో పిల్లలు వినాలని నా కోరిక. ఆ రోజు తలుచుకోవడమే కష్టమైన ఇళ్లవాళ్లు ముందురోజే నాకు చెప్పండి, మీ పిల్లల్ని టీచర్ గారు లైబ్రరీ గదిలో కూర్చోబెట్టుకుంటారు.

అలాగే ప్రతి పిల్లకూ, పిల్లాడికీ రెండు ఫోన్ నంబర్లు మా దగ్గర ఉండాలి. ఒకటి ఇంట్లోవాళ్లది, ఒకటి వేరే పేటలో ఉన్న చుట్టాలది. పోయిన ఏడాది ఇక్కడివాళ్ల ఫోన్లన్నీ ఒకేసారి చార్జింగ్ అయిపోయి ఆగిపోయాయి కదా. ఇప్పటికి సగం మంది కూడా రెండో నంబరు ఇవ్వలేదు. దయచేసి మంగళవారం లోపు డైరీలో రాసి పంపండి. అడ్మిషన్ రిజిస్టర్లు, టీసీ పుస్తకాలు మేం ఇప్పటికే పై అంతస్తుకు చేర్చేశాం.

మిగతా సంగతులు. మంగళవారం పిల్లలు మట్టి వినాయకుల్ని చేశారు. ఒకటో తరగతి బాబు చేసిన స్వామికి తొండం నిలవక మూడుసార్లు ఊడింది. చివరికి అగ్గిపుల్ల గుచ్చి నిలబెట్టాడు. ఎలుకలను చేయడంలో మాత్రం మన ఉర్దూ మీడియం బడి పిల్లల చేయి తిరిగింది. పక్క గోడ అవతల నుంచి వాళ్లను కూడా పిలిచాం. గురువారం హాజరు తగ్గింది. పందిళ్ల దగ్గర మైకులు రాత్రి పొద్దుపోయేదాకా మోగుతున్నాయని, పిల్లలకు నిద్ర లేదని చాలామంది చెప్పారు. పందిరి కమిటీల్లో ఉన్న నాన్నలు, అన్నలు కాస్త ఆలోచించండి. నిమజ్జనానికి మాత్రం చిన్నపిల్లల్ని ట్రాక్టర్ ఎక్కించొద్దు, కాలువ మెట్ల దగ్గరకు తీసుకెళ్లొద్దు. కృష్ణ, కాలువలు నిండుగా పారే రోజులివి.

శుక్రవారమే ధ్యాన్‌చంద్ గారి జయంతి, జాతీయ క్రీడా దినోత్సవం కూడా. గ్రౌండ్‌లో బురద ఉండటంతో కబడ్డీ మానుకుని వరండాలో తొక్కుడుబిళ్ల ఆడించాం. సాయంత్రం తీసుకెళ్లడానికి వచ్చిన అమ్మలు చీర కుచ్చిళ్లు పట్టుకుని ఆడటం మొదలుపెట్టారు. పిల్లలు చప్పట్లు కొట్టి అలసిపోయారు.

జ్వరాలు మొదలయ్యాయి. డెంగీ దోమ మంచినీళ్లు నిలిచిన చోటే గుడ్లు పెడుతుంది, పగలే కుడుతుంది. బడిలో ప్రతి శుక్రవారం కుండీలు, డ్రమ్ములు ఖాళీ చేసి ఆరబెడుతున్నాం. ఇంట్లో కూలర్ అడుగు, ఫ్రిజ్ వెనక ట్రే కూడా చూడండి. జ్వరం ఉన్న పిల్లల్ని హాజరు పోతుందని పంపొద్దు. పాఠం మేం మళ్లీ చెబుతాం.

సెప్టెంబర్ 5 శుక్రవారం మిలాద్ నబీ సెలవు. గురుపూజోత్సవం గురువారమే జరుపుకుంటాం. పిల్లల చేత కానుకలు కొనిపించి పంపొద్దు. ఏదైనా ఇవ్వాలనిపిస్తే చార్టుకు ఇంకో మాట పంపండి. 7వ తేదీ ఆదివారం రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం ఉంది. రాత్రి 10 గంటల వేళ మొదలై, 11 దాటాక చంద్రుడు పూర్తిగా ఎర్రబడతాడు. మబ్బు లేకపోతే మన డాబా మీద నుంచే కనిపిస్తుంది. చంద్రగ్రహణం మామూలు కళ్లతో చూడొచ్చు, కళ్లకు ఏ ప్రమాదమూ లేదు. మీ ఇంటి ఆచారం మీ ఇష్టం. చూపించగలిగినవాళ్లు పిల్లల్ని నిద్ర లేపి ఒక్క ఐదు నిమిషాలు చూపించండి. సోమవారం ఉదయం మొదటి పీరియడ్‌లో ఎవరేం చూశారో చెప్పిస్తాం.

చార్టు వరండాలో కుళాయి పక్కన, గీతకు కాస్త పైన అంటించాం. కింద రెండు వరుసలు ఖాళీగా ఉన్నాయి. సాయంత్రం బడి వదిలాక నేను గేటు దగ్గరే ఉంటాను. రాయడం రాని పెద్దవాళ్లు మాట చెబితే చాలు, మీ మనవడో మనవరాలో రాస్తారు.

ఇట్లు,
మీ హెడ్ మేడమ్