గుమాస్తా మనవరాలికి

అమ్మలూ,

"ఈ కంపెనీలో నేనొక ఎంప్లాయీ నంబర్‌ని, అంతేనమ్మా" అన్నావు ఫోన్‌లో. రేటింగ్ సరిగ్గా ఇవ్వలేదన్నావు, ఏడాదిలో మూడో మేనేజర్ వచ్చాడన్నావు. పదిహేను మంది ఉండే స్టార్టప్ ఒకటి రమ్మంటోందని కూడా చెప్పావు. ఫోన్‌లో అయితే ఇద్దరం గొంతులు పెంచుకుంటాం, అసలు సంగతి పక్కకి పోతుంది. అందుకే రాస్తున్నాను. ఉండమని చెప్పను, మానెయ్యమనీ చెప్పను. ఇన్నేళ్లు ఒక పెద్ద కంపెనీ అకౌంట్స్‌లో కూర్చుని నేను చూసింది చెబుతాను, తర్వాత నీ ఇష్టం.

ముందు మీ తాతయ్య సంగతి. విజయవాడ వన్‌టౌన్‌లో బట్టల కొట్లో గుమాస్తా ఆయన. షావుకారు గారు చెడ్డవాడేం కాదు. పండక్కి తాతయ్యకి పంచె, అమ్మమ్మకి చీర పెట్టేవారు, మా చదువుల గురించి అడిగేవారు. కానీ పీఎఫ్ లేదు, సెలవులకో లెక్క లేదు. అమ్మమ్మకి ఆపరేషన్ అన్నప్పుడు అడ్వాన్స్ అడగాల్సి వచ్చింది. తాతయ్య రెండు రోజులు షావుకారు ముఖం చూసి వెనక్కి వచ్చేశారు. మూడో రోజు కొట్టు కట్టేసే వేళకి గల్లాపెట్టె పక్కన నిలబడి అడిగారు. ఇచ్చారు, కాదనలేదు. కానీ ఆ తర్వాత ఆదివారం రమ్మన్నా, రాత్రి పదింటిదాకా ఉండమన్నా తాతయ్య నోరెత్తలేదు. "ఆదుకున్న మనిషి, కాదంటే ఎలా" అనేవారు.

మీ నాన్నకి స్టెంట్ వేసినప్పుడు నేను ఆసుపత్రి కౌంటర్లో ఇన్సూరెన్స్ కార్డు ఇచ్చి, ఒక ఫారం మీద సంతకం పెట్టాను. అంతే. ఎవరి ముఖమూ చూడలేదు, ఎవరికీ రుణపడలేదు. మా ఎండీకి నేనెవరో తెలీదు, తెలియాల్సిన పనీ లేదు. నువ్వు "నంబర్‌ని" అని బాధపడ్డావే, ఆ నంబరే ఆ రోజు మనల్ని నిలబెట్టింది. తాతయ్యని పేరు పెట్టి ఆప్యాయంగా పిలిచేవారు. నన్ను పిలిచేవాళ్లు లేరు. అయినా నాకు దక్కిన మర్యాద ఆయనకు దక్కలేదు.

నువ్వు పుట్టినప్పుడు ప్రసూతి సెలవు 12 వారాలే. ఇప్పుడున్న 26 వారాలు 2017లో చట్టం మార్చాక వచ్చాయి. ఆ పన్నెండు వారాలూ చాలలేదు, నిన్ను అమ్మమ్మ చేతుల్లో పెట్టి బస్సెక్కడానికి ప్రాణం ఒప్పేది కాదు. అయినా తిరిగి వెళ్లేసరికి నా కుర్చీ నాకే ఉంది, జీతంలో రూపాయి తగ్గలేదు. మన వీధిలోనే చిన్న ఆఫీసులో పనిచేసే ఆవిడకి "కాన్పు అయ్యాక చూద్దాంలే" అన్నారు, ఆ తర్వాత పిలవనే లేదు. పది మంది పనిచేస్తుంటే చట్టం అలాంటి ఆఫీసులకీ ఉంది, అడిగేవాళ్లే లేరు. పెద్ద కంపెనీకి ఆడిట్ భయం ఉంటుంది, పేపర్లో పడతామన్న భయం ఉంటుంది.

ఇక చిరాకుల సంగతి నాకు తెలీదనుకోకు.

జీడిమెట్లలో చిన్న వర్క్‌షాప్ పెట్టుకున్న ఒకాయన మాకు బోల్టులు సప్లై చేసేవారు. పర్చేజ్ ఆర్డర్‌లో కిలోల్లో రాశారు, ఆయన బిల్లు నగాల్లో వేశారు. ఆర్డరు, స్టోర్స్ వాళ్లిచ్చే రసీదు, బిల్లు, ఈ మూడూ ఒకదానితో ఒకటి సరిపోలితేనే సిస్టమ్ పేమెంట్ వదులుతుంది. సరిపోలలేదు, ఎర్రగా బ్లాక్ అని చూపించింది. సరుకు వచ్చింది, వాడేశారు కూడా. ఆర్డరు సరిదిద్దాల్సిన అబ్బాయి సెలవు మీద ఉన్నాడు. వాడి పైవాడు "నా లిమిట్ కాదు" అన్నాడు. ఆ పైవాడు పుణెలో. చిన్న సంస్థలకి 45 రోజుల్లోపు డబ్బు కట్టాలని 2006 నాటి చట్టం చెబుతోంది. ఆయన మాత్రం చలాన్ కాపీ పట్టుకుని రిసెప్షన్‌లో కూర్చునేవారు, పనివాళ్లకి జీతాలివ్వాలమ్మా అనేవారు. చెక్కు ఇచ్చే సెక్షన్లో ఉండి కూడా నేను చెయ్యగలిగింది ఏమీ లేదు. మెయిల్ మీద మెయిల్ పెట్టడం, మంచినీళ్లివ్వడం. ఆ అప్రూవల్ వచ్చేదాకా నాకు రాత్రిళ్లు సరిగ్గా నిద్ర పట్టలేదు. ఇప్పటికీ తలుచుకుంటే కోపం వస్తుంది. అక్కడ ఒక్కడు కూడా దుర్మార్గుడు కాడు, అందరూ రూల్ ప్రకారమే నడిచారు, ఆ మనిషి మాత్రం నలిగిపోయాడు.

అదే కంపెనీలో ఇంకోటి కూడా చూశాను. ఒక డైరెక్టర్ గారి టూర్ బిల్లు నా టేబుల్ మీదకి వచ్చింది, టాక్సీ రసీదు లేదు. నేను మామూలు అకౌంటెంట్‌ని. రసీదు జతచెయ్యండి అని రాసి వెనక్కి పంపాను. మర్నాడు రసీదు వచ్చింది, కింద "సారీ" అని కూడా ఉంది. బట్టల కొట్లో తాతయ్య షావుకారుని ఆ మాట అడగగలిగేవారా? బోల్టుల ఆయన్ని రిసెప్షన్‌లో కూర్చోబెట్టిన రూలూ, నా చేత డైరెక్టర్ బిల్లు వెనక్కి పంపించిన రూలూ వేరు కాదమ్మా, ఒక్కటే. ఒకటి ఉంచుకుని ఇంకోటి వద్దనడానికి నాకైతే దారి దొరకలేదు.

నీ రేటింగ్ గొడవ కూడా ఇందులో భాగమే. మనుషుల్ని శాతాల్లో పంచడం ఎప్పటి నుంచో ఉంది. అమెరికాలో జీఈ కంపెనీని నడిపిన జాక్ వెల్చ్ 20 శాతం పైన, 70 శాతం మధ్యన, 10 శాతం అడుగున అని పెట్టి, అడుగు వాళ్లని పంపించెయ్యమనేవాడు. మైక్రోసాఫ్ట్ కూడా అలాంటి పద్ధతే ఏళ్ల తరబడి నడిపి 2013లో ఎత్తేసింది. ఇంకా చాలాచోట్ల అది పేరు మార్చుకుని బతుకుతూనే ఉంది. టీమ్‌లో ఎనిమిది మందీ బాగా చేసినా ఒకళ్లని కిందకి తొయ్యాల్సిందే. అది అన్యాయమే, నేను సమర్థించను. కానీ ఆ శాతాలకి తగ్గట్టు రేటింగులు సర్దే నార్మలైజేషన్ మీటింగ్‌లో నువ్వుండవు, నీ మేనేజర్ ఉంటాడు, వాడేమో మొన్న వచ్చాడు. నీ పని గురించి వాడి చేతిలో కాగితం లేకపోతే ఏం మాట్లాడతాడు? ప్రతి శుక్రవారం ఆ వారం ఏం చేశావో నాలుగు లైన్లు రాసి వాడికి మెయిల్ పెట్టు. గొప్పలు చెప్పుకోవడం అనుకోకు.

ఇంకో మాట. ఉద్యోగులందరినీ పిలిచి పెట్టే టౌన్‌హాల్ మీటింగుల్లో "మనమంతా ఒక కుటుంబం" అంటారు, అది నమ్మొద్దు. 2023 జనవరిలో గూగుల్ 12,000 మందిని తీసేస్తే చాలామందికి ఆ సంగతి ఈమెయిల్‌తోనే తెలిసింది. కుటుంబం అలా చెయ్యదు. పక్క సీట్లో స్నేహాలు మాత్రం నిజం. మీ నాన్న ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ మా సెక్షన్ వాళ్లు వంతులేసుకుని క్యారియర్ తెచ్చారు. అది ఏ పాలసీలోనూ లేదు.

స్టార్టప్‌లో నువ్వు పొద్దున చెప్పిన మాట సాయంత్రానికి అమలవుతుంది. నీ పని అందరికీ కనపడుతుంది. నీ వయసులో అది కావాలనిపించడం సహజం, నాకూ ఒకప్పుడు అనిపించింది. వెళ్లాలనుకుంటే వెళ్లు. కానీ వాళ్లని కొన్ని అడుగు. పీఎఫ్ కడుతున్నారా? 20 మంది కంటే తక్కువ ఉంటే కట్టి తీరాలని చట్టం లేదు. మెడికల్ ఇన్సూరెన్స్‌లో మమ్మల్ని చేరుస్తారా? లేదంటే, ఇక్కడ మానేసిన రోజుతో ఇప్పటి పాలసీ పోతుంది కాబట్టి ముందే మాకు విడిగా ఒకటి తీసుకోవాలి. నాన్న గుండె సంగతి తెలిసి కొత్త ఇన్సూరెన్స్ కంపెనీ వెయిటింగ్ పీరియడ్ పెడుతుంది, అంటే కొంతకాలం దాకా ఆ జబ్బు ఖర్చు ఇవ్వదు.

పాత పీఎఫ్ డబ్బు తీసి వాడెయ్యకు, ట్రాన్స్‌ఫర్ పెట్టు. ఐదేళ్ల సర్వీసు నిండకుండా తీస్తే టాక్స్ పడుతుంది, అందులో పెన్షన్ వాటా కూడా తీసేస్తే, పెన్షన్ రావడానికి నిండాల్సిన పదేళ్ల లెక్క మళ్లీ మొదటికి వస్తుంది.

అన్నిటికంటే ముఖ్యం, వచ్చే జూన్‌కి నీకు అక్కడ ఐదేళ్లు నిండుతాయి. మానేసేటప్పుడు సర్వీసుని బట్టి కంపెనీ ఇవ్వాల్సిన గ్రాట్యుటీకి అర్హత అప్పుడే వస్తుంది. బేసిక్ 40,000 అనుకో, నెలకి 26 రోజుల లెక్కన ఏడాదికి పదిహేను రోజుల జీతం చొప్పున ఐదేళ్లకి చూస్తే లక్షా పదిహేను వేలు దాటుతుంది. ఎవరో దయతో ఇచ్చేది కాదు, అది నీ డబ్బు. నోటీసు పీరియడ్ 90 రోజులన్నావు కదా, రిజైన్ ఎప్పుడు పెట్టాలో దాన్నిబట్టి చూసుకో. జూన్ దాకా ఆగుతారేమో ఆ స్టార్టప్ వాళ్లని అడుగు.

రెండు ఆఫర్ లెటర్లూ వాట్సాప్‌లో పంపు, బేసిక్ ఎంత, మిగతా అలవెన్సులెంత అని నేను చూస్తాను. శనివారం వస్తే కూర్చుని లెక్క వేద్దాం. నాన్నకి ఇంకా చెప్పలేదు, నువ్వే చెప్పు.

ఉంటాను,
అమ్మ