తన్నిన కాలు, మర్నాటి మ్యాచ్

సంపాదకులకు నమస్కారం.

ఫుట్‌బాల్ ఆటగాళ్లు పిల్లలకు ఆదర్శం కావచ్చా అన్న చర్చ వచ్చినప్పుడల్లా మంచివాళ్ల జాబితా ఒకటి, చెడ్డవాళ్ల జాబితా ఒకటి బయటికొస్తాయి. మొదటిదాంట్లో మార్కస్ రాష్‌ఫర్డ్ తప్పక ఉంటాడు. 2020 జూన్‌లో అతను పట్టుబట్టబట్టే బ్రిటన్ ప్రభుత్వం దిగొచ్చి, పేద పిల్లలకు వేసవి సెలవుల్లోనూ భోజనం వోచర్లు ఇచ్చింది. రెండోదాంట్లో కర్ట్ జూమా ఉంటాడు. ఈ జాబితాల వల్ల పిల్లలకు ఒరిగేది తక్కువ. ఒకడు తప్పు చేశాక చుట్టూ ఉన్న పెద్దలు ఏం చేశారన్నది వాళ్లు చూస్తారు, అదే నేర్చుకుంటారు. జూమా కేసును అందుకే మొదటినుంచి చివరిదాకా చెప్పుకోవాలి.

అప్పట్లో ఇంగ్లండ్ క్లబ్బు వెస్ట్‌హామ్‌కు డిఫెండర్‌గా ఆడుతున్న జూమా తన ఇంట్లో పిల్లిని కాలితో తన్ని, వెంటపడి చెప్పులు విసిరి, తలమీద కొట్టిన వీడియో 2022 ఫిబ్రవరి 7న బయటపడింది. తీసింది అతని తమ్ముడే. మర్నాడే వాట్‌ఫర్డ్‌తో మ్యాచ్. మేనేజర్ డేవిడ్ మోయెస్ అతన్ని జట్టులోకి తీసుకున్నారు. గ్యాలరీలు గోల చేస్తూనే ఉన్నాయి, వెస్ట్‌హామ్ 1-0తో గెలిచింది. ఆ తర్వాత ఒక్కొక్కటిగా చర్యలు మొదలయ్యాయి. క్లబ్బు రెండు వారాల జీతం, అంటే 2,50,000 పౌండ్లు, జరిమానా వేసి జంతు సంక్షేమ సంస్థలకిచ్చింది. అతని రెండు పిల్లులనూ బ్రిటన్ జంతు సంక్షేమ సంస్థ ఆర్‌ఎస్‌పీసీఏ తీసుకెళ్లింది. అడిడాస్ ఒప్పందం తెంచుకుంది. జూన్ 1న కోర్టు 180 గంటల సమాజసేవ విధించి, అయిదేళ్లపాటు పిల్లిని పెంచకూడదంది. తమ్ముడికి 140 గంటలు పడ్డాయి. 2023 ఆగస్టులో అదే క్లబ్బు జూమాను కెప్టెన్‌ను చేసింది.

శిక్ష అనుభవించినవాడికి కెప్టెన్సీ ఇవ్వడాన్ని మేము తప్పుపట్టం. ఫిబ్రవరి 8నాటి నిర్ణయమే మింగుడుపడదు. ఒక్క మ్యాచ్ పక్కన కూర్చోబెట్టినా పిల్లలకు విషయం అర్థమయ్యేది. ఆ రోజు వాళ్లకు అందిన సంగతి వేరు: బాగా ఆడేవాడికి అడ్డులేదని.

ఇక మన చట్టం సంగతి. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం 11వ సెక్షన్లో కొట్టడం, తన్నడం పేరుపెట్టి మరీ ఉన్నాయి. మొదటిసారి నేరానికి జరిమానా 10 నుంచి 50 రూపాయలు! మూడేళ్లలోపు మళ్లీ చేస్తే 25 నుంచి 100 రూపాయలు, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ. చంపితేనో, అవిటిదాన్ని చేస్తేనో భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద అయిదేళ్ల దాకా శిక్ష పడొచ్చు. తన్నినా ఎముక విరగకుండా బతికి బయటపడిన పిల్లికి మాత్రం ఆ పాత యాభై రూపాయలే దిక్కు. ఈ మొత్తాలను సవరించాలని మీ పత్రిక సంపాదకీయం రాస్తే సంతోషిస్తాం.

అదే 2022లో, జులై 19న, ‘స్ట్రే’ అనే సైన్స్ ఫిక్షన్ వీడియో గేమ్ వచ్చింది. మనుషులు కనుమరుగైపోయి, పైన కప్పు మూసుకుపోయిన నగరంలో రోబోలే బతుకుతుంటాయి. ఆడేవాళ్లు అందులో పిల్లి. మ్యావ్ అనడానికి ఒక బటన్ ప్రత్యేకంగా ఉంది. రోబో కాళ్లకు ఒళ్లు రాసుకోవచ్చు, సోఫాలు గీకవచ్చు, ముడుచుకుని పడుకోవచ్చు. శత్రువు ఎదురైతే చాలాచోట్ల పరుగే రక్షణ. పిల్లి ఎత్తునుంచి లోకం ఎలా కనబడుతుందో పిల్లలకు ఇంత బాగా చూపించిన ఆట అరుదు. పదేళ్లు దాటినవాళ్ల చేత, పక్కన కూర్చుని, ఆడించమనే చెబుతాం.

అయితే రెండు విషయాలు దగ్గరుండి సరిచేయాలి. ఆటలో గుర్తు కనిపించిన చోటికే దూకడం కుదురుతుంది కాబట్టి పిల్లి గురి తప్పదు. కథ మొదట్లో ఒక్కచోట అంత ఎత్తునుంచి పడిపోయినా కాసేపు కుంటి లేచి నడిచేస్తుంది. నిజం పిల్లి నాలుగో అంతస్తు బాల్కనీ నుంచి పడితే కాళ్లమీదే దిగినా దవడ పగలవచ్చు, ఊపిరితిత్తులు నలగవచ్చు. అపార్ట్‌మెంట్లో పిల్లిని పెంచేవాళ్లు బాల్కనీకి రెండంగుళాలకన్నా చిన్న కన్నాల వల బిగించాలి, అంచులు కూడా వదులు లేకుండా చూసుకోవాలి.

సోఫా గీకిందని కొట్టడం ఇళ్లలో మామూలే. గోళ్లపై పాతపొర ఊడాలన్నా, వెన్ను సాగాలన్నా పిల్లి గీకక తప్పదు. కొడితే సోఫాకు దూరం కాదు, మనకు దూరమవుతుంది. మూడడుగుల చెక్కకు గోనెపట్టా గట్టిగా మేకులు కొట్టి, అది పడుకునే చోటికి దగ్గర్లో గోడకు ఆనించి బిగించండి. చెక్క ఊగితే పిల్లి దాని జోలికి రాదు. చాలా ఇళ్లలో ఈ ప్రయత్నం బెడిసికొట్టేది అక్కడే.

దెబ్బ తగిలిన పిల్లి విషయంలో జరిగే పొరపాట్లు ప్రాణాంతకం. పొట్టలో తన్ను తగిలితే పైకి గాయం కనబడకపోవచ్చు. లోపల ఛాతీకీ పొట్టకూ మధ్య పొర చిరగవచ్చు, మూత్రాశయం పగలవచ్చు. కొన్ని గంటలపాటు పిల్లి మామూలుగానే తిరుగుతుంది, లేకపోతే మంచంకింద దాక్కుంటుంది. నొప్పిని దాచడం దాని స్వభావం. నిద్రలో ఉన్నప్పుడు నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో లెక్కపెట్టండి. ఇరవై, ముప్ఫై మధ్య ఉంటే ఫర్వాలేదు. నలభై దాటినా, నోరు తెరిచి ఊపిరి పీల్చినా, చిగుళ్లు తెల్లబడినా, ఇరవైనాలుగు గంటలు మూత్రం రాకపోయినా వెంటనే పశువైద్యుడి దగ్గరికి వెళ్లాలి. మెడపట్టి ఎత్తకూడదు. మందపాటి తువ్వాలు కప్పి, దాంతోపాటే కిందనుంచి ఎత్తి, గాలి కన్నాలున్న అట్టపెట్టెలో పెట్టాలి. పాలు, నీళ్లు బలవంతంగా పట్టకూడదు.

అన్నిటికన్నా ముఖ్యం: నొప్పి తగ్గుతుందని పారాసెటమాల్ వేయొద్దు. దాన్ని విరగ్గొట్టే ఎంజైమ్ పిల్లి కాలేయంలో చాలినంత లేదు. ఒక్క 500 మిల్లీగ్రాముల మాత్ర చాలు, రక్తం గోధుమరంగుకు తిరిగి, ముఖం వాచి, ప్రాణం పోవడానికి. భయంతో పిల్లి మిమ్మల్ని కరిస్తే గాయాన్ని సబ్బునీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ఆస్పత్రిలో రేబిస్ టీకా మొదలుపెట్టించుకోవాలి.

ఇలాంటి వీడియోలు వచ్చినప్పుడు పత్రికలు వార్తతోపాటు ఈ జాగ్రత్తలను చిన్న పెట్టెకట్టి వేయాలని మా విన్నపం. వీడియో చేతికొచ్చినవాళ్లు ఏం చేయాలో కూడా అందులోనే చెప్పాలి. వాట్సాప్‌లో పంచడం ఫిర్యాదు కాదు. పైగా అలా పంపినప్పుడు ఫైలు కుదించుకుపోయి, తీసిన తేదీ వివరాలు పోతాయి. తీసిన ఫోన్‌లోని అసలు ఫైలును చెరపకుండా ఉంచి, తేదీ, సమయం, చోటు కాగితంమీద రాసుకుని, స్టేషన్లో రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోవాలి. తన్నడం ఒక్కటే నేరమైతే మేజిస్ట్రేటు అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేరు కాబట్టి ఆలస్యం చేయొద్దు. పాత చట్టం కింద నేరం జరిగిన మూడు నెలలు దాటితే కేసే పెట్టలేరు.

ఇట్లు,
పశువైద్య వృత్తిలో ఉన్న ఇద్దరు పాఠకులు,
కాకినాడ