పరమాణువును ఎవరూ చూడలేదని రాయకండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మాది పర్లాకిమిడి, పాతపట్నం దాటి ఒడిశాలో అడుగుపెట్టగానే తగిలే ఊరు. మా అక్క కొడుకు ఇక్కడ ఒడియా మీడియంలో ఎనిమిదో క్లాసు. వాడికి తెలుగు చదవడం అబ్బింది బడిలో కాదు, పొద్దున్నే గుమ్మంలో పడే మీ పేపరుతోనే. మొన్న పిల్లల పేజీలో "పరమాణువులను ఇంతవరకు ఎవరూ చూడలేదు" అన్న ముక్క పైకి చదివి, "మరి ఉన్నాయని ఎలా చెబుతున్నారు మావయ్యా?" అన్నాడు. నేను బీఎస్సీ ఫిజిక్స్ చదివి మోటారు వైండింగ్ షాపు పెట్టుకున్నవాణ్ణి. ఆ ముక్క తప్పని తెలిసీ ఊరుకోలేక రాస్తున్నాను.

మామూలు వెలుగుతో చూడలేం, అంతవరకు నిజమే. వెలుగు అల పొడవు 400 నుంచి 700 నానోమీటర్లు (మిల్లీమీటరును పది లక్షల ముక్కలు చేస్తే ఒక ముక్క నానోమీటరు), పరమాణువేమో నానోమీటరులో చిన్న వంతు, అంత పెద్ద అలకి అంత చిన్నది ఆనదు. కానీ 1981లో జ్యూరిక్ దగ్గర ఐబీఎం ల్యాబులో గెర్డ్ బినిగ్, హైన్రిక్ రోరర్ అసలు వెలుగుతోనే పనిలేని స్కానింగ్ టనెలింగ్ మైక్రోస్కోప్ తయారుచేశారు, 1986లో నోబెల్ కూడా వచ్చింది.

అది ఎలా పనిచేస్తుందో మావాడికి వంటింట్లోనే చెప్పాను. అక్క పెనానికి తగలకుండా పైన అరచెయ్యి పెట్టి కాక చూస్తుంది కదా, అలాగే కొసన ఒకే పరమాణువు మిగిలేంత సన్నటి సూదిని లోహానికి తగలకుండా నానోమీటరు ఎడంలో నిలబెడతారు. తగలకపోతే కరెంటు పారకూడదు, మా వైండింగ్ లెక్కలో అయితే అంతే. కానీ ఎలక్ట్రాన్‌కి అల గుణం కూడా ఉంది, ఆ అల ఖాళీలోకి కొంచెం చొచ్చుకుపోతుంది కాబట్టి కొన్ని ఎలక్ట్రాన్లు అవతల తేలతాయి. ఎడం నానోమీటరులో పదో వంతు పెరిగితే చాలు, ఆ కరెంటు దాదాపు పదో వంతుకు పడిపోతుంది. ఆ కరెంటు మారకుండా సూదిని పైకీ కిందికీ సర్దుతూ పోతే, సూది పడిలేచిన దారే బొమ్మ అవుతుంది.

అంత తక్కువ ఎలా జరుపుతారన్నాడు. గ్యాస్ లైటర్ టిక్కుమనిపించాను. లోపలి పలుకు మీద దెబ్బ పడితే కరెంటు పుట్టి నిప్పురవ్వ వస్తుంది. అదే జాతి పలుకుకి మనం కరెంటు పెడితే అది కంటికి ఆననంత సాగుతుంది, సూదిని జరిపేది అదే. లైటర్ వాడి చేతిలోంచి తీసుకోవడానికి అరగంట పట్టింది.

1989లో ఐబీఎం శాస్త్రవేత్త డాన్ ఐగ్లర్ ఈ సూదితోనే 35 జినాన్ (ఒక వాయువు) పరమాణువులను ఒక్కొక్కటే జరిపి IBM అని తన కంపెనీ పేరు రాశాడు. 1993లో రాగి మీద 48 ఇనుప పరమాణువులు గుండ్రంగా పేర్చారు, మధ్యలో ఎలక్ట్రాన్ల అలలు చెరువులో రాయి వేసినట్టు వలయాలుగా కనబడతాయి. ఫోన్లో ఆ బొమ్మ పెద్దది చేసుకుని మావాడు వేలు పెట్టి లెక్కపెట్టాడు.

దయచేసి ఆ బొమ్మ వచ్చే ఆదివారం పిల్లల పేజీలో పెద్దగా వేయండి. రంగులు కంప్యూటర్ వేసినవని, సూది తడిమి తెచ్చిన బొమ్మ అని కూడా కింద తెలుగులోనే రాయండి. మావాడు ఆ పేజీ కత్తిరించి బడికి పట్టుకెళ్తానంటున్నాడు.

ఇట్లు,
మీ పాఠకుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా