సర్టిఫికెట్లకు ఏ ఇంకు?

సంపాదకులకు,

జిరాక్స్ షాపుల్లో, ఇంకు ట్యాంకు ప్రింటర్లతో నడిచే మీసేవ కేంద్రాల్లో కంపెనీ ఇంకు కొనాలా, బయటి ఇంకు పోయాలా అన్న చర్చ ఎప్పుడూ ధర దగ్గరే ఆగిపోతోంది. ముందు తేల్చుకోవాల్సింది ఆ నలుపు ఇంకు డై రకమా, పిగ్మెంట్ రకమా అన్నది. డై నీళ్లలో కరిగే రంగు, తడి తగిలితే అక్షరం అలుక్కుపోతుంది. పిగ్మెంట్ కరగని సన్నటి రేణువులు, ఆరాక కాగితాన్ని పట్టుకునే ఉంటాయి. కుల, ఆదాయ ధ్రువపత్రాలు, అడంగల్, పహాణీ నకళ్లు జనం ఏళ్ల తరబడి దాచుకునే కాగితాలు. వాటిని డై నలుపుతో కొట్టి ఇవ్వడం అన్యాయం.

కానన్ జీ2010 ఇంకు ట్యాంకు ప్రింటర్ సంగతే చూడండి. దానికి కంపెనీ ఇచ్చే జీఐ-790 ఇంకులో నలుపు పిగ్మెంట్, మూడు రంగులూ డై. బజార్లో 'అన్ని ప్రింటర్లకూ' అని అమ్మే సీసాల్లో నలుపు తరచూ డైయే. ట్యాంకులో మిగిలిన పిగ్మెంట్ మీద దాన్ని పోస్తే రెండింటికీ పొసగక మడ్డి కట్టి, ఇంకు చిమ్మే హెడ్ రంధ్రాలు పూడుకుపోవచ్చు. అప్పుడు చాలామంది వరసపెట్టి హెడ్ క్లీనింగ్ కొడతారు. లాగిన ఇంకంతా అడుగునున్న, ఇంకు పీల్చే వేస్ట్ ప్యాడ్‌కు చేరుతుంది, అది నిండితే మిషనే ఆగిపోతుంది. రెండు మూడుసార్లకు, రంధ్రాలు తెరుచుకున్నాయో లేదో చూపే నాజిల్ చెక్ పేజీలో గీతలు పూర్తిగా పడకపోతే ఆపేసి, ఒక రాత్రి వదిలి చూడాలి. జీ2010లో హెడ్ మనమే మార్చుకోవచ్చు. ఎప్సన్ ట్యాంకు మోడళ్లలో అది మిషన్‌లోనే బిగించి ఉంటుంది కాబట్టి పని, ఖర్చు రెండూ ఎక్కువ.

బయటి ఇంకే కొంటే సీసా మీద మోడల్ నంబరు, ఇంకు రకం ఉండాలి. ఒక పేజీ కొట్టి, పది నిమిషాలు ఆరనిచ్చి నీటిచుక్క వేస్తే సంగతి తెలిసిపోతుంది. కంపెనీ పెట్టెలో నకిలీ సరుకు పెట్టి అమ్మడం మాత్రం వేరే సంగతి, అది నేరం.

టోనర్ అనే పొడి రంగు వాడే లేజర్ ప్రింటర్లలో, ఖాళీ అయిన కార్ట్రిజ్‌ను (టోనర్ పెట్టెను) మళ్లీ నింపే రీఫిల్‌కు నేను అడ్డు చెప్పను. చెడేదల్లా పనితనంలోనే. వాడగా మిగిలిన పొడి చేరే వేస్ట్ టోనర్ గదిని ఖాళీ చేయకుండా కొత్త పొడి పోస్తే అది పొంగి పేజీ మీద రాలుతుంది. పొడిని కాగితం మీదకు ఎక్కించే రోలరైన డ్రమ్‌ను వెలుతురులో ఉంచకూడదు, వేలితో తాకకూడదు. హెచ్‌పీ 12ఏ కార్ట్రిజ్‌తో కొట్టిన పేజీలో ఒకే మచ్చ ఏడున్నర సెంటీమీటర్లకోసారి పడుతుంటే తప్పు టోనర్‌ది కాదు, డ్రమ్‌దే. దాని చుట్టుకొలత అంతే. అప్పుడు డ్రమ్‌తోపాటు దాన్ని తుడిచే వైపర్ బ్లేడ్ కూడా మార్చాలి.

టోనర్ వేడికి కరిగి కాగితానికి అతుక్కుంటుంది, తడికి చెదరదు. అందుకే ధ్రువపత్రాలకు కంపెనీ డై ఇంకు కన్నా సరిగ్గా నింపిన రీఫిల్ టోనరే మేలు. మీసేవ, సచివాలయ అధికారులు కేంద్రాలన్నింటికీ ఈ ఒక్క నిబంధన పెట్టాలి: ధ్రువపత్రం మీద నలుపు టోనర్ అయినా కావాలి, పిగ్మెంట్ అయినా కావాలి.

– ప్రింటర్ల మరమ్మతు చేసే ఒక పాఠకుడు, గుంటూరు